టీవీలో మాత్రమే ఉండే పసుపు గీత

అమెరికన్ ఫుట్‌బాల్ బొత్తిగా అర్థం కావడం లేదని మొత్తుకునే తెలుగువాళ్ళు ఎవరు తగిలినా నేను ఒకటే చెబుతాను. స్కోరు వదిలెయ్యండి, ఆటగాళ్ళ పేర్లు వదిలెయ్యండి, టీవీలో ఆ పసుపు గీత ఒక్కటి చూడండి. బంతి పట్టుకున్నవాడు గీత దాటాడా, దాటలేదా? దాటితే వాళ్ళకి పండగ, దాటకపోతే అవతలివాళ్ళకి. మిగతా రూల్సన్నీ మెల్లగా వాటంతటవే ఎక్కుతాయి. నేనుండేది డాలస్ పక్కన ఫ్రిస్కోలో. సోమవారం పొద్దున ఆఫీసులో అందరూ డాలస్ జట్టు కౌబాయ్స్ గురించి కొట్టుకుంటుంటే కాఫీ కప్పు పట్టుకుని వెర్రిమొహం వేసుకుని నిలబడేవాణ్ణి. నాకు ఈ ఆట నేర్పిన గురువు ఆ గీతే.

ఏ టీవీ కొనాలి, ఏ స్ట్రీమింగ్ ప్లాన్ చవక అని రివ్యూలు రాసేవాళ్ళు బోలెడంతమంది ఉన్నారు. లైవ్ వీడియోలోకి చొప్పించే ఈ గీతలు, చక్రాలు, బాణాలు, ప్రకటనల గురించి మాత్రం ఎవరూ రాయరు. నెలనెలా మనం కట్టే డబ్బులో వీటి వాటా కూడా ఉంది కదా. అందుకని ఇది వాటి రివ్యూ. సగం మార్కులు నేను వేశాను, సగం మా నాన్న వేశారు. ఆయన తెనాలి వైపు రెవెన్యూలో సర్వేయరుగా చేసి రిటైరయ్యారు. 2025 సీజన్ మొదలయ్యే ముందు మా దగ్గరికి వచ్చారు, చలికాలమంతా ఆదివారాలు సోఫా వదల్లేదు.

ఆట తెలియనివాళ్ళకి రెండు ముక్కలు. బంతి ఉన్న జట్టుకి నాలుగు ప్రయత్నాలు ఇస్తారు. ఆ నాలుగింటిలో పది గజాలు ముందుకెళ్ళాలి. వెళ్తే మళ్ళీ కొత్తగా నాలుగు, లేకపోతే బంతి అవతలి జట్టుకి. మైదానం నూరు గజాలు. ఐదేసి గజాలకి ఒక తెల్లగీత ఉంటుంది. కానీ ఈసారి చేరాల్సిన చోటు తెల్లగీత మీదే పడాలని లేదు, రెండింటి మధ్య ఎక్కడైనా ఉండొచ్చు. పూర్వం అది తెలియాలంటే మైదానం అంచున నారింజ రంగు కర్రలు పట్టుకుని నిలబడ్డ మనుషుల్ని వెతుక్కోవాలి. కెమెరా వాళ్ళ మీద లేకపోతే కామెంటేటర్ చెప్పిందే వేదం. 1998 సెప్టెంబరు 27న బాల్టిమోర్‌లో రేవెన్స్, బెంగాల్స్ మ్యాచ్‌లో ఈఎస్‌పీఎన్ మొదటిసారి ఆ గీతని తెర మీద చూపించింది. తయారు చేసింది స్పోర్ట్‌విజన్ అనే కంపెనీ. ఆ రోజు నుంచి ఇంట్లో కూర్చున్నవాడికి స్టేడియంలో కూర్చున్నవాడికంటే ఆట బాగా తెలుస్తోంది.

నాన్న మొదటి ఆదివారం కాసేపు చూసి అడిగిన ప్రశ్న: "ఒరేయ్, నిమిషానికోసారి ఆ పసుపు గీత చెరిపి ఇంకోచోట గీస్తున్నారే, ఆ రంగేసేవాళ్ళు ఒక్కళ్ళూ కనపడరేంట్రా?"

మావాడికి నవ్వాగలేదు. "అది నిజంగా లేదు తాతయ్యా, టీవీలోనే ఉంది."

నాన్న లేచి టీవీ దగ్గరికెళ్ళి, కళ్ళజోడు ముక్కు మీదకి జార్చి, తెర మీద వేలు పెట్టారు. "టీవీలో గీస్తే మనిషి మీద కూడా పడాలి కదరా. వీడి బూటు చూడు. గీతని తొక్కుకుంటూ పోతున్నాడు."

ఈ సరుకు గొప్పతనమంతా ఆ బూటు దగ్గరే ఉంది. తెర మీద గీత గియ్యడానికేముంది, పెళ్ళి వీడియోలు మిక్సింగ్ చేసే కుర్రాడు కూడా గీస్తాడు. కష్టమల్లా రెండు చోట్ల. కెమెరా ఎటు తిరిగినా, ఎంత జూమ్ చేసినా గీత నేలకి అతుక్కుని ఉండాలి. మనిషి అడ్డం వస్తే అది అతని కాళ్ళ కిందకి పోవాలి. వాకిట్లో ముగ్గు మీంచి మనం నడిచినట్టు ఉండాలి తప్ప, కిటికీ అద్దం మీద గీసినట్టు ఉండకూడదు.

మొదటి కష్టానికి మందు మా నాన్న వృత్తే. కంప్యూటర్‌కి ముందు మైదానం కొలతలు కావాలి, అందుకని లేజర్ పరికరంతో సర్వే చేస్తారు. చూడ్డానికి బల్లపరుపుగా ఉంటుంది గానీ, వాన నీళ్ళు పక్కలకి జారిపోవడానికి చాలా మైదానాల్లో నడిమధ్య ఎత్తు, అంచుల వైపు వాలు ఉంటుంది. ఆ ఎత్తుపల్లాల లెక్క లేకుండా గీస్తే గీత ఒకచోట గాల్లో తేలినట్టూ ఇంకోచోట నేలలో దిగబడినట్టూ కనిపిస్తుంది. ఈ మాట చెప్పగానే నాన్న, "లెవెల్ తియ్యకుండా గీతెలా వస్తుందిరా?" అన్నారు, ఇందులో చెప్పడానికేముంది అన్నట్టు. ఆ తర్వాత కెమెరా సంగతి. స్టాండు మీద అది ఎంత పక్కకి తిరిగింది, ఎంత కిందకి వంగింది అని కొలిచే సెన్సర్లు ఉంటాయి. జూమ్, ఫోకస్ ఎంతెంతో లెన్స్ నుంచి తెలుస్తుంది. మైదానం కొలతలు, కెమెరా నిలబడ్డ చోటు, అది చూస్తున్న దిక్కు తెలిస్తే, బొమ్మలో ఏ చుక్క మైదానంలో ఏ చోటో లెక్క కట్టెయ్యొచ్చు. ఆపరేటర్ ఎన్నో గజమో నొక్కుతాడు, గీత అక్కడ పడుతుంది. కెమెరా కదిలినకొద్దీ ప్రతి ఫ్రేముకీ ఆ లెక్క మళ్ళీ మొదట్నుంచి.

రెండో కష్టానికి మందు రంగులు. ఆపరేటర్ కంప్యూటర్‌కి రెండు రకాల రంగులు చూపించి పెడతాడు. ఎండలో గడ్డి పచ్చ, నీడలో గడ్డి పచ్చ, గడ్డి లేచిపోయిన చోట మట్టిరంగు, వీటి మీద గియ్యొచ్చు. చొక్కాలు, హెల్మెట్లు, చర్మం, బంతి, వీటి జోలికి పోకూడదు. గ్రీన్ బే ప్యాకర్స్ లాంటి ఆకుపచ్చ చొక్కాల జట్టు దిగిందంటే ఆ పచ్చకీ గడ్డి పచ్చకీ తేడా పట్టించాలి. సాయంత్రం సగం మైదానం మీద స్టేడియం నీడ పడుతుంది, పచ్చ మారుతుంది. వాన పడితే బురద, చొక్కాలకీ అదే బురద. ఇక మంచు కురిసిందంటే పచ్చే ఉండదు. మ్యాచ్ నడుస్తున్నంతసేపూ ఎవరో ఒకరు కూర్చుని ఆ రంగుల్ని సర్దుతూనే ఉండాలి. తొలిరోజుల్లో దీనికోసం యంత్రాలు నింపిన ట్రక్కు ఒకటి స్టేడియం బయట ఆగేది, అందులో ఒక బృందం పనిచేసేది. ఇప్పుడు చాలావరకు ఒకరిద్దరితో అయిపోతోంది.

ఇదంతా విన్నాక నాన్న అరగంటసేపు ఆట చూడలేదు, బూట్లే చూశారు. గీత అంచు ఎక్కడైనా పాకుతుందేమోనని. ఒకచోట దొరికింది కూడా. ఒకడు కిందపడి లేచినప్పుడు మోకాలికి అంటిన గడ్డి మీద పసుపు మెరిసింది. "అదిగో, దొంగ దొరికాడు" అని అరిచారు.

గీతకి నేను ఐదుకి ఐదు ఇస్తాను. ఒక ఛానెల్‌లో పెనాల్టీ ఇచ్చాక గీత పాతచోటే ఉండిపోవడం, ఒక ప్రయత్నం అయ్యాక గబుక్కున జరగడం చూశాను. ఆ తప్పు వేలితో నొక్కేవాళ్ళది, లెక్కది కాదు. దీంతోపాటు బంతి మొదలయ్యే చోట ఇంకో గీత, సాధారణంగా నీలం, వేస్తారు. అది కూడా బాగానే ఉంటుంది. ఆ రెండింటికీ మధ్య నేల మీద పెద్ద బాణం, దాని మీద ఎన్నో ప్రయత్నం, ఇంకా ఎన్ని గజాలు అని రాయడం మాత్రం నాకు అనవసరం అనిపిస్తుంది. అవే అంకెలు కింద స్కోరు పట్టీలో ఉన్నాయి కదా.

ఇక్కడొక ముఖ్యమైన సంగతి. ఆ పసుపు గీత అంపైర్లకి చెల్లదు. అది చూసేవాళ్ళ సౌకర్యం కోసమే. అసలు కొలత గొలుసుతో. అవును, నిజంగానే గొలుసు. ఇది నాన్నకి నోటితో చెబితే నమ్మలేదు. అందుకని ఒక శుక్రవారం రాత్రి ఆలెన్ అనే ఊళ్ళో హైస్కూల్ మ్యాచ్‌కి తీసుకెళ్ళాను. టెక్సస్‌లో హైస్కూల్ ఫుట్‌బాల్ అంటే జాతరే. ఆ బడి స్టేడియం ఖర్చు 6 కోట్ల డాలర్లు, 18,000 మంది పడతారు. నాన్న అడుగుపెట్టి ఇది స్కూలు గ్రౌండా అని రెండుసార్లు అడిగారు. పసుపు గీత ఎలాగూ లేదు, ఎదురుగా ఆట జరుగుతుంటే కళ్ళు దాన్నే వెతుకుతున్నాయి. నేనైతే పక్కవాళ్ళ అరుపులు విని దాటాడో లేదో తెలుసుకున్నాను.

నాన్న మాత్రం అంచున ఉన్న గొలుసు మనుషుల్నే చూస్తూ కూర్చున్నారు. ఇద్దరి చేతుల్లో చెరో కర్ర, మధ్యలో సరిగ్గా పది గజాల గొలుసు. ఇంకొకాయన ఎన్నో ప్రయత్నమో చూపించే పలక పట్టుకుంటాడు. ఒకసారి దాటాడో లేదో తేలక, కొలవడానికి గొలుసుని మైదానం మధ్యకి తెమ్మన్నారు. నాకు ఎప్పుడూ అనుమానమే, అంచు నుంచి మధ్యదాకా నడిచొస్తే అంగుళం అటూఇటూ జరగదా అని. నాన్న లేచి నిలబడి చూసి, నాకు చెప్పారు. గొలుసు మీద ముందే ఒక చిన్న క్లిప్ పెట్టి ఉంచుతారు, దగ్గర్లో ఉన్న ఐదు గజాల తెల్లగీత గొలుసుకి తగిలిన చోట. మధ్యకి తెచ్చాక వెనక కర్రని పట్టించుకోరు. అంపైర్ ఆ క్లిప్పుని అదే తెల్లగీత మీద ఆనించి పట్టుకుంటాడు, ముందు కర్రని బిగలాగుతారు. తెల్లగీత మైదానం అడ్డంగా ఉన్నదే కాబట్టి, చోటు మారినా కొలత మారదు. "చూశావా, వాళ్ళకి స్థిరమైన గీత ఒకటుంది, దాన్నుంచి లాగారు. కర్ర పాతిన చోటుతో వాళ్ళకి పనేముంది?" అన్నారు. పొలంలో హద్దు రాయి పీకేస్తే ఆయన చేసిందీ అదే. పక్కన చెక్కుచెదరని రాయి పట్టుకుని, ఎఫ్ఎంబీ (పొలం కొలతల పుస్తకం) చూసుకుని, అక్కణ్ణుంచి గొలుసు లాగడం. ఆయన చేతిలో నలిగిన గొలుసు 66 అడుగులది, వంద లింకులు. అంటే 22 గజాలు, క్రికెట్ పిచ్ పొడవే. సర్వీసు చివర్లో టోటల్ స్టేషన్లనే ఎలక్ట్రానిక్ కొలత పరికరాలు వచ్చాయిగానీ గొలుసంటే ఇప్పటికీ ఆయనకి ప్రాణం.

పాపం, ఈ ఆటకి పెద్ద లీగైన ఎన్ఎఫ్ఎల్‌లో గొలుసు అదే ఏడాది రెండో వరసలోకి పోయింది. 2025 సీజన్ నుంచి పది గజాలు వచ్చాయా లేదా అన్న కొలతని సోనీ వాళ్ళ హాక్-ఐ అనే కెమెరాల పద్ధతి చేస్తోంది. స్టేడియంలో ఆరు 8కే కెమెరాలు. బంతి ముక్కు ఎక్కడుంది, గీత ఎక్కడుంది, మధ్య ఎంత అనేది దాదాపు 30 సెకన్లలో బొమ్మ గీసి చూపిస్తారు. గొలుసు మనుషులు అంచున ఇంకా ఉన్నారు, యంత్రం మొరాయిస్తే అక్కరకొస్తారని. చూడ్డానికి బాగుంది. వేగంగానూ ఉంది. కానీ గొలుసు మధ్యకి వస్తుంటే స్టేడియమంతా ఊపిరి బిగబట్టే ఆ టెన్షన్ పోయింది. దీనికి మూడున్నర.

మార్కులు తగ్గించడానికి కారణం టెన్షన్ ఒక్కటే కాదు. యంత్రం కొలిచేది బంతి పెట్టిన చోటు నుంచి గీతదాకా. బంతిని ఆ చోట పెట్టేది మాత్రం ఇప్పటికీ మనిషే. పదిమంది ఒకరి మీద ఒకరు పడి ఉన్న కుప్పలో బంతి ఎక్కడ ఆగిందో అంపైర్ కంటితో చూసి పెడతాడు. 2025 జనవరిలో బఫలో, కాన్సస్ సిటీ ఆడిన ఏఎఫ్‌సీ ఫైనల్లో, అంటే సూపర్ బౌల్‌కి ముందు మెట్టులో, బఫలో ఆటగాడు జోష్ ఆలెన్ నాలుగో ప్రయత్నంలో ముందుకి దూకాడు, దాటలేదన్నారు. దాని మీద దేశమంతా కొట్టుకుంది. అక్కడ గొడవ గొలుసు మీద కాదు, బంతి ఎక్కడిదాకా వెళ్ళిందన్నదాని మీద. నాన్నకి ఇది ఒక్క ముక్కలో ఎక్కేసింది. "నా సర్వీసులో కొలత తప్పని ఎవడూ కొట్టుకోలేదురా. రాయి ఎక్కడ పాతారన్నదాని మీదే కొట్టుకునేవాళ్ళు. దానికి ఎన్ని కెమెరాలు పెట్టుకుంటే మాత్రం ఏం లాభం?"

ఆ మాట విన్నాక క్రికెట్‌లో బాల్ ట్రాకింగ్‌ని కూడా నేను వేరేగా చూడ్డం మొదలుపెట్టాను. ఇండియాలో టెస్టు పొద్దున్నే మొదలయ్యేసరికి మాకిక్కడ రాత్రి పది, పదకొండు. నాన్నకి ఆ టైమే అనుకూలం, నిద్ర ఎలాగూ పట్టేది కాదు. హాక్-ఐ పుట్టింది అక్కడే, క్రికెట్‌లో. పాల్ హాకిన్స్ అనే ఇంగ్లండ్ ఇంజినీరు చేసిన దాన్ని 2001లో లార్డ్స్‌లో ఇంగ్లండ్, పాకిస్తాన్ టెస్టులో చానెల్ 4 మొదట వాడింది. అప్పుడు అదీ పసుపు గీత లాగే, చూసేవాళ్ళ సరదా కోసం. మైదానం చుట్టూ పెట్టిన కెమెరాలు ఒక్కొక్కటీ బంతి తమకి ఎక్కడ కనిపించిందో చెబుతాయి, అన్నిటినీ కలిపి బంతి గాల్లో ఎక్కడుందో లెక్క కడతారు. ఇంతవరకూ జరిగింది కొలత. బంతి ప్యాడ్‌కి తగిలిన తర్వాత వికెట్లదాకా గీసే దారి మాత్రం కొలత కాదు, అంచనా. తెర మీద రెండూ ఒకే గొట్టంలాగా, ఒకే నునుపుతో కనిపిస్తాయి. నా ఫిర్యాదు అంతా దాని మీదే. అంచనా వేసిన ముక్కని కాస్త మసకగా, ముందుకెళ్ళినకొద్దీ వెడల్పయ్యేలా గీస్తే పోయేదేముంది? చూసేవాడికి ఎంతవరకు కన్ను, ఎక్కణ్ణుంచి లెక్క అనేది తెలుస్తుంది.

"అంపైర్స్ కాల్" అనగానే తిట్టేవాళ్ళ జాబితాలో నేనూ ఉండేవాణ్ణి. బంతి వికెట్‌కి తగులుతోందని బొమ్మలోనే కనిపిస్తుంటే నాటౌట్ ఏంటని. బంతి సగానికంటే ఎక్కువ వికెట్ల హద్దులో పడితేనే నాటౌట్‌ని ఔట్‌గా మారుస్తారు, అంచుకి రాసుకుంటే అంపైర్ ఏదంటే అదే. నాన్న మాత్రం ఈ మొత్తం వ్యవహారంలో నిజాయితీగా ఉన్నది అదొక్కటే అంటారు. సర్వేలో కూడా ఇంతలోపు తేడా వస్తే పట్టించుకోనక్కర్లేదని ఒక లెక్క ఉంటుందట. ఆ తేడా లోపల పాత రాయినే ఉంచుతారు, కొత్త కొలత పట్టుకుని రాయి జరపరు. ఇప్పుడు నేను ఆయన పార్టీ.

మన క్రికెట్ బోర్డు ఈ రివ్యూ పద్ధతిని చాలాకాలం వద్దంది. 2008లో శ్రీలంకలో తొలి ప్రయోగం జరిగింది మన జట్టుతోనే, అప్పటి అనుభవంతో దూరం పెట్టింది. చివరికి 2016లో ఇంగ్లండ్ సిరీస్‌కి ఒప్పుకుంది. మొదటి టెస్టు రాజ్‌కోట్‌లో, రెండోది విశాఖలో. విశాఖకి అదే తొలి టెస్టు. ప్రపంచకప్‌లో మాత్రం అంతకుముందే ఉంది. 2011 మొహాలీ సెమీఫైనల్లో సచిన్‌ని 23 దగ్గర సయీద్ అజ్మల్ బౌలింగ్‌లో ఎల్బీ ఇస్తే, రివ్యూలో బంతి లెగ్ స్టంప్ పక్కనుంచి పోతోందని గీత వచ్చింది. ఆయన 85 కొట్టాడు. ఆ గీత సంగతేంటి, అది కూడా అంచనాయే కదా అని నేను నాన్నని ఇరుకున పెట్టబోయాను. "దాని జోలికి రాకు" అన్నారు. బాల్ ట్రాకింగ్‌కి మా ఇంటి ఉమ్మడి మార్కు నాలుగు. సచిన్ లేకపోతే మూడు పడేవి.

మళ్ళీ ఫుట్‌బాల్‌కొస్తే, ఎన్ఎఫ్ఎల్ గురువారం రాత్రి మ్యాచ్‌లు ప్రైమ్ వీడియోలో వస్తాయి. అందులో మామూలు ప్రసారం పక్కనే ప్రైమ్ విజన్ అని ఇంకోటి ఉంటుంది, వెతికి పెట్టుకోవాలి. కెమెరా ఎత్తు మీంచి ఇరవైరెండు మందినీ ఒకేసారి చూపిస్తుంది, వాళ్ళ చుట్టూ గుర్తులు వేస్తుంది. ఇక్కడ మనుషుల్ని పట్టుకునే పద్ధతి వేరు. 2014 నుంచి ఆటగాళ్ళ భుజాల ప్యాడ్లలో చిన్న చిప్‌లు పెడుతున్నారు. ఎవడు ఎక్కడున్నాడు, ఎంత వేగంగా కదులుతున్నాడు అనేది సెకనుకి పది సార్లు అందుతుంది. దాన్నుంచి పుట్టిందే ఆ ఎర్ర చక్రం. ఒక్కో ప్రయత్నం మొదలవకముందే, ఎదుటి జట్టులో ఎవడు బంతి విసిరే క్వార్టర్‌బ్యాక్ మీదకి దూకబోతున్నాడో లెక్క కట్టి వాడి కాళ్ళ చుట్టూ చక్రం వెలిగిస్తారు. తీరా వాడు నిజంగానే దూకుతాడు! మొదటిసారి చూసినప్పుడు మావాడూ నేనూ కుర్చీల్లోంచి లేచిపోయాం. కాసేపటికి ఒక ఇబ్బంది తెలిసొచ్చింది. చక్రం వెలగగానే కళ్ళు వాడి మీదే ఉంటాయి, బంతి అవతలివైపు పోతుంది. ఆట కాస్త తెలిసినవాళ్ళకి ఇది విందు భోజనం. కొత్తవాళ్ళు దీంతో మొదలుపెట్టకండి, తల తిరుగుతుంది. నాలుగు.

అవసరం లేని చోట గుర్తు వేస్తే ఏమవుతుందో 1996లోనే తేలిపోయింది. ఐస్ హాకీలో బంతికి బదులు వాడే రబ్బరు బిళ్ళ, పక్, చిన్నది, వేగం ఎక్కువ, టీవీలో కనపడదు. అందుకని ఫాక్స్ వాళ్ళు బోస్టన్‌లో జరిగిన ఆల్‌స్టార్ మ్యాచ్‌లో పక్ లోపల బ్యాటరీ, ఇన్‌ఫ్రారెడ్ దీపాలు పెట్టి, తెర మీద దాని చుట్టూ నీలం కాంతి చూపించారు. గట్టిగా కొడితే వెనక ఎర్రటి తోక. హాకీ తెలిసినవాళ్ళు ఛీ అన్నారు. రెండేళ్ళకే మూలపడింది. దాన్ని చేసినవాళ్ళలో స్టాన్ హనీ అనే ఇంజినీరు ఒకాయన. ఆ తర్వాత స్పోర్ట్‌విజన్ పెట్టి పసుపు గీత తెచ్చిందీ ఆయన, ఆయన జట్టే. పక్‌ని చూడ్డం ఆట తెలిసినవాడికి కష్టం కాదు. పదిగజాల చోటు మాత్రం ఎంత తెలిసినవాడికీ కంటికి ఆనదు. రెండింటికీ తేడా అక్కడుంది.

ఇక ప్రకటనలు. ఇక్కడ నాకు ఒళ్ళు మండుతుంది. 2022-23 సీజన్ నుంచి ఐస్ హాకీ లీగ్ ఎన్‌హెచ్‌ఎల్ ప్రసారాల్లో మైదానం చుట్టూ ఉన్న గోడ మీది అసలు ప్రకటనల్ని టీవీలో కప్పేసి, వేరేవి వేస్తున్నారు. స్టేడియంలో కూర్చున్నవాడికి ఒక బోర్డు కనిపిస్తే టీవీలో ఇంకోటి, వేరే ఛానెల్లో మరోటి. టెక్నాలజీ పరంగా చూస్తే ఇది పసుపు గీతకి తాత. గోడకి ఆనుకుని కొట్టుకుంటున్న ఆటగాళ్ళని, వాళ్ళ కర్రల్ని వదిలేసి వెనక గోడ మీద మాత్రమే బొమ్మ వెయ్యాలి, అదీ కెమెరా అటూఇటూ ఊగుతుండగా. మెచ్చుకోవాల్సిందే. కానీ ఆట నడుస్తుండగానే ఆ బొమ్మలు జారుతూ మారుతుంటాయి, కళ్ళు పక్‌ని వదిలి అటు పోతాయి. అభిమానులు మొదటి వారం నుంచే గోల పెట్టారు. ఏదో ఒక ఆట ప్రసారంలో ఒకడి హెల్మెట్ సగం ప్రకటనలో కలిసిపోవడం నేనూ చూశాను. దీనికి ఒకటి. ఆ ఒకటి ఇంజినీర్లకి.

ఇంకో సంగతి కూడా ఉంది. పసుపు గీత నేల మీద లేదని చూసే ప్రతివాడికీ తెలుసు, మా నాన్నకి కూడా పది నిమిషాల్లో తెలిసిపోయింది. గోడ మీది బోర్డు ఉందో లేదో ఎవరికీ తెలియదు. ఆ పద్ధతి ఆటల దగ్గరే ఆగలేదు. 1999 డిసెంబరు 31 రాత్రి న్యూయార్క్ టైమ్స్ స్క్వేర్ నుంచి సీబీఎస్ వార్తలు లైవ్‌గా ఇస్తూ, వెనక ఉన్న పోటీ ఛానెల్ ఎన్‌బీసీ వాళ్ళ పెద్ద తెర మీద తమ లోగో చొప్పించి చూపించింది. చేసిపెట్టింది ప్రిన్స్‌టన్ వీడియో ఇమేజ్ అనే కంపెనీ. వార్తలు చదివిన డ్యాన్ రాథరే తర్వాత అది పొరపాటని ఒప్పుకున్నాడు. వార్తల్లో వెనక కనిపించే వీధి కూడా వేరేవాళ్ళు గీసిందేమోనన్న అనుమానం ఒకసారి పడితే ఇక పోదు.

నాన్న తిరుగు ప్రయాణానికి ముందు వారం ఏదో మ్యాచ్ చూస్తూ, గోల్ వెనక ఒక కారు బోర్డు చూపించి అడిగారు, "ఇది అక్కడుందా, లేదా?" నేను పాజ్ చేసి, వెనక్కి తిప్పి, దగ్గరికెళ్ళి చూశాను. అంచులు చూశాను, నీడలు చూశాను. చెప్పలేకపోయాను. ఛానెళ్ళు ఒక పని చెయ్యొచ్చు. చొప్పించిన ప్రకటన ఉన్నంతసేపు తెర మూలన ఒక చిన్న చుక్క వెయ్యడం. సెకనుకి ఇన్ని లెక్కలు కట్టగలిగినవాళ్ళకి ఒక చుక్క పెట్టడం పెద్ద పనేం కాదు.